మడ అడవికి నీటి దారి

(మడ అడవుల దినోత్సవం రోజున కాకినాడలో డిగ్రీ విద్యార్థులు, మత్స్యకార కుటుంబాలు పాల్గొన్న సభలో ఒక వృక్షశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకి, నా తోటి అధ్యాపకులకి, ఈ పూట వేట మానుకొని వచ్చిన అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్ళకి, వానలో తడుస్తూ వచ్చిన పిల్లలకి నమస్కారం.

ముందుగా ఈ సీసా అందరి చేతులూ మారాలి. ఇందులో ఉన్నది నల్లమడ రెమ్మ. అభయారణ్యంలోది కాదు, మా ఊరి కాలవ గట్టు మీద తనంతట తాను మొలిచిన చెట్టుది. ఒక్కొక్కరూ ఒక ఆకు తుంచుకొని నాలిక కొసకి తాకించండి. ఏం ఫర్వాలేదు, ఇది విషం కాదు. తిల్ల అయితే నేనే తాకనిచ్చేదాన్ని కాదు. తిల్ల పాలు కంట్లో పడితే ఏమవుతుందో ఇక్కడున్న పెద్దవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఉప్పగా ఉంది కదా? వానకి కొంత కడుక్కుపోయింది. మే నెలలో అయితే ఆకు మీద ఉప్పు పలుకులు కంటికే కనపడతాయి. నల్లమడ చాలావరకు ఉప్పుని వేరు దగ్గరే ఆపేస్తుంది. అయినా లోపలికి వచ్చిన దాన్ని ఆకు మీదున్న సన్నటి గ్రంథుల్లోంచి బయటికి తోసేస్తుంది. ఉప్పుపొన్నకి ఈ గ్రంథులు లేవు, అది దాదాపు మొత్తం వేరు దగ్గరే వడకట్టుకుంటుంది. రెండు చెట్లకీ ఇది ఊరికే అయ్యే పని కాదు. ఎంత ఉప్పు ఎక్కువైతే అంత శక్తి ఈ పనికే పోతుంది, ఎదుగుదల ఆగిపోతుంది. మడ చెట్టు ఉప్పుని ఓర్చుకుంటుందే గానీ కోరుకోదు. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే నేను చెప్పబోయేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

కోరంగి చెక్కవంతెన మీద నడవనివాళ్ళు ఈ హాల్లో ఉండరు. ఆ వంతెన కింద బురదలోంచి పెన్సిళ్ళలా పైకి పొడుచుకొచ్చినవి మడ వేర్లు. బురదలో గాలి ఉండదు కాబట్టి ఊపిరి కోసం పైకి వస్తాయి. గౌతమి సముద్రంలో కలిసేలోపు ఉత్తరం వైపుగా కోరంగి, గాడేరు పాయలు విడిపోయి కాకినాడ అఖాతంలోకి పోతాయి. అఖాతానికి తూర్పున హోప్ ఐలాండ్, పదహారు కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న ఇసుక దిబ్బ. గత రెండు వందల ఏళ్ళలో గోదావరి తెచ్చిన ఇసుకతోనే కట్టుకుంది. ఈ పాయల మధ్య అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. నల్లమడ, తెల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న, గుగ్గిలం, అంచుల్లో దబ్బగడ్డి, ఇంకా ఎన్నో ఉన్నాయి. 2021 అటవీ సర్వే నివేదిక ప్రకారం మన రాష్ట్రం మొత్తం మీద ఉన్న మడ అడవి 405 చదరపు కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం కృష్ణా, గోదావరి మొగల దగ్గరే ఉంది.

ఇప్పుడు ఒక విత్తనం సంగతి చెబుతాను. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా పరిశోధన అంతా దీని చుట్టూనే తిరిగింది.

నల్లమడ కాయ చెట్టు మీద ఉండగానే లోపల మొలక తయారైపోతుంది. వానాకాలంలో, సరిగ్గా ఈ రోజుల్లో, రాలుతుంది. బొటనవేలి గోరంత ఉంటుంది. నీళ్ళలో పడ్డాక పై పొర ఊడిపోతే మడతపెట్టిన రెండు ఆకుపచ్చటి పప్పులు తేలుతూ పోతాయి. మీరు పడవలో పోతుంటే తెడ్డుకి తగులుతూ ఉంటాయి చూడండి, అవే. అది ఎక్కడో ఒకచోట ఒడ్డున ఆగాలి. ఆగితే సరిపోదు. వేరు బురదలో దిగేదాకా, అంటే కొన్ని రోజులపాటు, నీళ్ళు వచ్చి దాన్ని మళ్ళీ ఎత్తుకుపోకూడదు.

మరి రోజుకి రెండు పోట్లు వచ్చే చోట ఆ కొన్ని రోజులు ఎలా దొరుకుతాయి? ఈ ప్రశ్న నేను పుస్తకాల్లో వెతుక్కుంటూ ఉంటే, నన్ను పడవలో తిప్పిన బాబాయ్ తేల్చేశాడు. ఆయన బడికి పోలేదు. "అమావాస్య పోటుకి గింజ ఎంత పైకెక్కుద్దో చూడండమ్మా. ఆ తర్వాత పోటు దిగిపోతా ఉంటాది కదా, అష్టమికి ఆ ఎత్తుకి నీరే రాదు. ఈలోపు అది కాలూనేసుకుంటాది" అన్నాడు. అంతే. అమావాస్యకి, పున్నమికి పోటు బాగా ఎక్కుతుంది, గింజని పై అంచున వదిలేసి పోతుంది. అష్టమి వైపు వెళ్ళేకొద్దీ పోటు ఎత్తు తగ్గుతుంది. ఆ వారం రోజులే మొలకకి దొరికే సందు. విదేశాల్లో పరిశోధకులు తొట్లలో మడ మొలకలు పెంచి, నీళ్ళలో ముంచి తేల్చి, ఎన్ని రోజులు తడి లేకపోతే వేరు ఎంత దిగుతుందో, ఎంత అలకి తట్టుకుంటుందో కొలిచారు. వాళ్ళు చెప్పిందీ బాబాయ్ చెప్పిందీ ఒకటే. ఆయన మాట నా నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకున్నాను.

మన తీరంలో పోటు పెద్దది కాదని కూడా గుర్తుంచుకోవాలి. గుజరాత్‌లో ఖంభాత్ దగ్గర పోటుకీ ఆటుకీ మధ్య తేడా పది మీటర్ల దాకా ఉంటుంది. మన దగ్గర పున్నమికి కూడా మీటరున్నర దరిదాపే. అంటే ఇక్కడ నేల ఒక్క జానెడు కుంగినా, ఒక చిన్న గట్టు అడ్డం పడ్డా నీటి లెక్క మొత్తం మారిపోతుంది.

ఇది తెలియక నేను చేసిన పొరపాటు ఒకటి మీ ముందు చెప్పాలి. కొన్నేళ్ళ కిందట, ఇలాంటి ఒక రోజునే, ఒక సంస్థ పిలిస్తే మా విద్యార్థుల్ని బస్సులో ఎక్కించుకొని మొక్కలు నాటడానికి వెళ్ళాను. అందరికీ టోపీలు ఇచ్చారు, బ్యానర్ కట్టారు. అడవి మధ్యలో ఒక ఖాళీ పర్ర, అంటే చెట్లు లేని ఉప్పు నేల, చూపించారు. చదునుగా ఉంది, పైన పల్చగా నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఉప్పుపొన్న కాయలు బరిసెల్లా పొడుగ్గా ఉంటాయి, బురదలో గుచ్చితే నిలబడిపోతాయి, నాటడం బహు తేలిక. ఒక్క పూటలో పిల్లలు వరసలు వరసలుగా గుచ్చేశారు. ఒక్కో మొక్కకీ ఒక వెదురు పుల్ల ఆసరా పెట్టాం. ఫొటోలు దిగాం. పడవ దగ్గర కూర్చున్న బాబాయ్ ఏమీ మాట్లాడలేదు. తిరిగొస్తుంటే మాత్రం, "అక్కడ మొక్క బతకదండమ్మా. నీరొస్తాది గానీ పోదు" అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదు బాబాయ్ అంటే, "నన్నెవరడిగారు?" అన్నాడు.

మరుసటి ఏడు వేసవిలో వెళ్ళి చూశాను. వెదురు పుల్లలు ఉన్నాయి. వరసలు చెడలేదు. మొక్కలు లేవు. నేల మీద ఉప్పు తెల్లగా పొర కట్టి, కాలు పెడితే పెళపెళ విరిగింది. ఆ పిల్లల్లో ఒకమ్మాయి తన మొక్కకి తమ్ముడి పేరు పెట్టుకుంది. బతికిందా మేడం అని ఫోన్ చేసి అడిగింది. చాలా రోజులు ఆ ఫోన్ నన్ను వదల్లేదు.

అప్పటినుంచీ నేను అడిగే ప్రశ్న మారింది. ఎన్ని మొక్కలు నాటారు అని అడగడం మానేశాను. ఇక్కడ మడ ఎందుకు పోయింది, మళ్ళీ తనంతట తాను ఎందుకు రావడం లేదు అని అడుగుతున్నాను. కోట్ల గింజలు తేలుతూ తిరిగే అడవిలో, చుట్టూ తల్లిచెట్లు ఉండగా, మధ్యలో ఒక పర్ర ఖాళీగా ఉందంటే అక్కడ కొరత గింజలది కాదు.

దీనికి జవాబు మన దగ్గరే వెతికారు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ వాళ్ళు 1990ల నుంచీ తమిళనాడులో పిచ్చావరం దగ్గర, ఆ తర్వాత ఇక్కడ గోదావరి, కృష్ణా మడ అడవుల్లో ఊరివాళ్ళతో, అటవీ శాఖతో కలిసి పని చేశారు. వాళ్ళు గమనించింది ఇదీ. ఒకప్పుడు అడవిని కూపులుగా విడగొట్టి, ఒక కూపులో చెట్లన్నీ ఒకేసారి నరికేసేవాళ్ళు. నీడ పోయిన బురద మీద ఎండ పడింది. నీరు ఆవిరై మట్టి బిగుసుకుంది, కుంగింది. చుట్టూ చెట్లున్న నేల ఎత్తులో ఉండిపోయి, మధ్యలో పళ్ళెంలా గుంట తయారైంది. పెద్ద పోటుకి నీరు ఆ పళ్ళెంలోకి వస్తుంది, ఆటుకి బయటికి పోవడానికి దారి లేదు. నిలిచిన నీరు ఎండకి ఇగిరి ఉప్పు మిగులుతుంది. మళ్ళీ పోటు, మళ్ళీ ఉప్పు. చివరికి సముద్రం కన్నా ఉప్పెక్కువైన నేల. మడ లాంటి మొండి చెట్టు కూడా అక్కడ కాలూనలేదు. బాబాయ్ అన్న "నీరొస్తాది గానీ పోదు" అనే మాటకి ఇదే వివరం.

దానికి వాళ్ళు చేసిన వైద్యం చేప ముల్లు ఆకారంలో కాలవలు తవ్వడం. సహజమైన ఏటి నుంచి పర్రలోకి నలభై అయిదు డిగ్రీల కోణంలో ఒక పెద్ద కాలవ. దానికి రెండు వైపులా ముప్ఫై డిగ్రీల కోణంలో పిల్ల కాలవలు. పైనుంచి చూస్తే చేప వెన్నెముకలా ఉంటుంది. పైన వెడల్పు, అడుగున ఇరుకు, గట్లు విరిగి పడకుండా. పోటుకి నీరు అన్ని మూలలకీ పోతుంది, ఆటుకి ఉప్పుని కడుక్కొని తిరిగి వస్తుంది. ఇంకేమీ లేదు అందులో, మందులు లేవు, ఎరువులు లేవు. నేలలో ఉప్పు దిగాక మడ మొక్కలు నాటారు. కాలవల్లోకి నీటితోపాటు రొయ్య పిల్ల, చేప పిల్ల, మండపీత వచ్చాయి. కోరంగి దగ్గర మట్లపాలెం వైపు ఈ పనిలో కూలికి వెళ్ళినవాళ్ళు ఈ హాల్లో ఉంటే చెయ్యెత్తండి. చూశారా, నలుగురున్నారు. మీ చేతులతో తవ్విన కాలవలు అవి.

ఆ పనిలో ఒక లోపం కూడా చెప్పాలి. కాలవలు తవ్విన కొన్నేళ్ళకి పూడిపోతాయి. గోదావరి ఒండ్రు ఊరుకోదు కదా. పూడిక తీసేవాళ్ళు లేకపోతే పర్ర మళ్ళీ పళ్ళెం అవుతుంది. కొత్త కాలవ తవ్వడానికి డబ్బులు దొరుకుతాయి, పాత కాలవ పూడిక తీయడానికి దొరకవు. మొక్కలు నాటిన రోజు వచ్చే ఫొటోగ్రాఫర్ పూడిక తీసే రోజు రాడు. నా అభిప్రాయంలో ఏ మడ పథకానికైనా మొదటి ఏడాది ఖర్చు కన్నా పదో ఏడాది ఖర్చు ముందు రాసుకోవాలి.

నాటడం మీద ఇంత అనుమానం నా ఒక్కదానిదీ కాదు. ఫిలిప్పీన్స్‌లో ఇరవై ఏళ్ళకి పైగా లక్షల మొక్కలు నాటారు. అక్కడి శాస్త్రవేత్త ప్రిమవేరా, మరొకరు కలిసి 2008లో లెక్క తీస్తే చాలా చోట్ల చివరికి బతికింది పది నుంచి ఇరవై శాతమే. కారణం మనకి ఇప్పుడు తెలిసిందే. తేలిగ్గా గుచ్చుకుంటుందని ఉప్పుపొన్న జాతి ఎంచుకున్నారు, ఎవరూ అడ్డు చెప్పరని సముద్రం ఒడ్డున తోచిన బురద మీద నాటారు. ఆ బురద కూడా ఖాళీ జాగా కాదు. మన అఖాతంలో నీరు తీసినప్పుడు గుల్లలు ఏరుకునే ఆడవాళ్ళని అడగండి, వలస వచ్చే ఉల్లంకి పిట్టల్ని చూడండి, అక్కడ ఎన్ని ప్రాణాలు బతుకుతున్నాయో. అమెరికాలో ఫ్లోరిడాలో రాబిన్ లూయిస్ అనే ఆయన జీవితమంతా ఒకటే చెప్పాడు, ముందు నీటి దారి సరిచెయ్యండి, గింజలు వాటంతటవే వస్తాయి అని. చేసి చూపించాడు కూడా.

అసలు ఈ జులై 26 తేదీ వెనక కథ కూడా ఇదే. ఈక్వడార్ దేశంలో మ్యూస్నే అనే తీరపు ఊళ్ళో 1998లో ఈ రోజున జనం కూడి ఒక అక్రమ రొయ్యల చెరువు గట్టు తెంచి, అక్కడ మడ తిరిగి రావడానికి దారి ఇచ్చారు. 2015లో యునెస్కో ఈ తేదీని ఖాయం చేసింది.

చెరువులు అనగానే హాల్లో కాస్త కదలిక వచ్చింది. నాకు తెలుసు, మీలో చాలామంది ఇళ్ళలో ఆక్వా మీదే ఫీజులు కట్టారు. మా ఇంట్లోనూ అంతే. 1990లలో టైగర్ రొయ్య వచ్చినప్పుడు కోనసీమలో కొబ్బరితోటలు, వరిచేలు చెరువులయ్యాయి. తెల్లమచ్చ రోగం వచ్చి ఎంతమంది మునిగారో మన పెద్దవాళ్ళకి గుర్తుంది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలో రొయ్యల సాగు మీద గట్టి తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత వనామీ రొయ్య వచ్చింది. నేను చెరువులు వద్దని చెప్పడానికి రాలేదు. ఒక గట్టు వేసేముందు అది ఏ కాలవకి అడ్డం పడుతుందో చూడమంటున్నాను. పక్క పొలంలోకి ఉప్పు ఊరితే రైతు మర్నాడే వచ్చి గొడవపడతాడు. మడకి పోటు ఆగిపోతే అది వచ్చి అడగలేదు, మూడు నాలుగేళ్ళలో మెల్లగా ఎండుతుంది.

కొల్లేరు జబ్బు కూడా ఇదే, కాకపోతే అక్కడ మంచినీరు. గోదావరి, కృష్ణా డెల్టాల మధ్య పల్లంలో బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. దారి పొడవునా చేపల చెరువుల గట్లు. 1999లో అయిదో కాంటూరు దాకా, అంటే సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రాంసార్ జాబితాలో చేరింది, 2006లో గట్లు పడగొట్టారు. నీళ్ళు కదలని చోట గుర్రపుడెక్క కమ్ముకుంటుంది, కిక్కిస దట్టమవుతుంది, కలువ, తామర మాయమవుతాయి. కొల్లేరు గురించి చెప్పాలంటే ఇంకో రోజు పడుతుంది, ఇక్కడికి ఆపుతాను.

మడకి ఉప్పునీటి దారి ఎంత ముఖ్యమో తీపినీటి దారీ అంతే ముఖ్యం. ఇది మన చేతుల్లో లేనట్టు అనిపిస్తుంది, అందుకే ఎవరూ మాట్లాడరు. వానాకాలం నాలుగు నెలలు గౌతమి ఎర్రగా పారుతుంది, అఖాతంలో ఉప్పు బాగా పలచబడుతుంది. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ధవళేశ్వరం దిగువకి దాదాపు చుక్క నీరు రాదు. ఆ నెలల్లో పాయలన్నీ సముద్రపు నీళ్ళే. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక మన డెల్టాకి అన్నం దొరికింది, ఆ మాట కాదనేవాళ్ళు ఇక్కడెవరూ లేరు. కానీ ఆ తర్వాత పైన ఎన్నో ఆనకట్టలు వచ్చాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగోళ శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. 1970లలో ధవళేశ్వరం దాటి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు వచ్చేది, 1990లకి అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. ఒండ్రు రాకపోతే డెల్టా తన బరువుకి తానే కుంగుతుంది, అంచులు కోసుకుపోతాయి. ఉప్పాడలో సముద్రం ఇళ్ళ మీదికి రావడం మనం కళ్ళారా చూస్తూనే ఉన్నాం. ఒండ్రు అందితే మడ వేర్లు దాన్ని పట్టి నిలబెట్టుకొని నేలని ఎత్తు చేస్తాయి. అందకపోతే వేర్లకి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఉప్పు పెరిగేకొద్దీ సున్నితమైన జాతులు తగ్గి, ఉప్పుకి బాగా ఓర్చుకునే ఒకటి రెండు జాతులే మిగులుతాయి. అడవి పచ్చగానే కనిపిస్తుంది. ఉపగ్రహం ఫొటోలో విస్తీర్ణం తగ్గదు. లోపల నడిచినవాళ్ళకే తేడా తెలుస్తుంది. అందుకే ఇంత శాతం పెరిగింది అని పేపర్లో చూస్తే సంతోషిస్తాను, వెంటనే ఏ చెట్టు అని అడుగుతాను.

తుఫాన్ల సంగతి మీకు నేను చెప్పేది కాదు. 1839 ఉప్పెనలో కోరంగి ఓడరేవు ఎలా తుడిచిపెట్టుకుపోయిందో ఈ నేల మీద పుట్టిన ప్రతివాళ్ళూ విన్నారు. బర్మాకి పోయిన మనవాళ్ళందరినీ అక్కడ కోరంగీలు అని పిలిచేవారంటే ఎంత పెద్ద రేవో ఊహించండి. 1996 నవంబరు రాత్రి కోనసీమలో ఉన్నవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. 1999 ఒడిశా తుఫాను తర్వాత కేంద్రపడా జిల్లాలో 409 ఊళ్ళ లెక్కలు తీసి సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ 2009లో ప్రచురించారు. ఊరికీ తీరానికీ మధ్య మడ వెడల్పుగా ఉన్న చోట చనిపోయినవాళ్ళు తక్కువ. ముందస్తు హెచ్చరిక వల్ల బతికినవాళ్ళే ఎక్కువని కూడా నిజాయితీగా రాశారు. రెండూ కావాలి.

ఇప్పుడు పని సంగతి. వచ్చే ఆదివారం అష్టమి దగ్గర. కిందటి పెద్ద పోటుకి ఒడ్డెక్కిన గింజలు వేళ్ళూనే రోజులు అవి. అటవీ శాఖ అనుమతి తీసుకున్నాం. మీటరు పొడవు, మీటరు వెడల్పున్న ప్లాస్టిక్ పైపు చట్రాలు పన్నెండు చేయించాను. ఒక్కో చట్రం దగ్గర ఇద్దరు కూర్చొని లోపల ఉన్న ప్రతి మొలకనీ లెక్కపెట్టాలి. నల్లమడ ఎన్ని, తెల్లమడ ఎన్ని, వేరు దిగినవి ఎన్ని, ఇంకా తేలుతున్నవి ఎన్ని, పీత కొరికినవి ఎన్ని. పూడిపోయిన కాలవ పక్కన ఆరు చట్రాలు, నీరు బాగా ఆడుతున్న కాలవ పక్కన ఆరు. మొక్క ఒక్కటి కూడా నాటం. అవే చోట్ల వచ్చే వేసవిలో మళ్ళీ లెక్కపెడతాం. ఆ రెండు లెక్కలూ పట్టుకొని పూడిక తీయించమని అడగడానికి వెళతాం.

చెప్పులు బురదలో ఉండిపోతాయి, పాత కాన్వాస్ బూట్లు వేసుకోండి. మడ వేళ్ళ మీద కాలు వెయ్యకండి. నోట్‌బుక్ బదులు అట్ట, పెన్ను బదులు పెన్సిల్ తెచ్చుకోండి, పెన్ను తడికి రాయదు. తాగే నీళ్ళు ఎవరివి వాళ్ళే. బాబాయ్ పడవ ఉదయం ఆరున్నరకి రేవు దగ్గర ఉంటుంది. ఈసారి ఎక్కడ చట్రం పెట్టాలో ఆయన్ని ముందే అడిగాను, చూపిస్తానన్నాడు. పేర్లు ఇచ్చేవాళ్ళు కిందికి దిగాక నా దగ్గరికి రండి.